గేరు బండికా, స్కూటరుకా? టూవీలర్ లైసెన్సు ఏ తరగతికి, ఏ దారిలో తీసుకోవాలి

లెర్నర్ లైసెన్సు కోసం రవాణా శాఖ పోర్టల్ తెరిచి పేరు, పుట్టిన తేదీ, చిరునామా చకచకా నింపుకుంటూ వచ్చినవారు కూడా వాహన తరగతి అడిగే చోటికి రాగానే ఒక్క క్షణం ఆగుతారు. అక్కడ గేరు ఉన్న మోటారు సైకిలు, గేరు లేని మోటారు సైకిలు అని రెండు పేర్లు విడివిడిగా కనిపిస్తాయి. ఇంట్లో ఉన్నది స్కూటరు, కొనాలని ఉన్నది బైకు, నేర్పిస్తానన్న బావగారి దగ్గర ఉన్నది ఇంకేదో. సలహా అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. ఆ గడిలో ఏది ఎంచుకోవాలి, తరువాతి పనంతా సొంతంగా చేసుకోవాలా, డ్రైవింగ్ స్కూలుకు వెళ్లాలా, ఏజెంటుకు అప్పగించాలా అన్నవి ఇక్కడ తేల్చుకోవలసిన విషయాలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నెల రోజుల పాటు గేరు బండిని చేతిలో ఉంచుకోగలిగినవారు గేరు తరగతికే దరఖాస్తు చేయాలి, ఏజెంటు చేతిలో పెట్టదలచిన డబ్బును సాధనకు ఖర్చు పెట్టాలి. దీనికి మినహాయింపులు లేకపోలేదు, వాటినీ చెబుతాను.

చట్టం బండ్లను ఎలా విడదీసింది

మోటారు వాహనాల చట్టం, 1988లోని 10వ సెక్షన్ లైసెన్సులో పేర్కొనవలసిన వాహన తరగతులను వరుసగా చెబుతుంది. మామూలు ద్విచక్ర వాహనాల విషయంలో అది చూసేది ఒక్కటే, బండికి గేర్లు ఉన్నాయా లేవా అని. ఇంజను ఎంత పెద్దదన్న లెక్క ఆ విభజనలో లేదు. కొన్ని దేశాలలో కొత్తవారికి ముందు చిన్న బండి, కొన్నేళ్ల అనుభవం తరువాత పెద్ద బండి అన్న మెట్లు ఉంటాయి గాని మన దగ్గర అవి లేవు. 100 సీసీ బండి మీద పరీక్ష నెగ్గిన మనిషి మరునాడే 650 సీసీ బండి ఎక్కి రోడ్డు మీదికి వచ్చినా లైసెన్సు పరంగా ఆపేవారు ఉండరు. ఇది మంచి ఏర్పాటని నేను అనను, కానీ ఉన్నది ఇదే.

కార్డు మీద ఈ రెండు తరగతులు ఎంసీడబ్ల్యూజీ, ఎంసీడబ్ల్యూఓజీ అన్న పొడి అక్షరాలతో కనిపిస్తాయి. మొదటిది గేరు ఉన్నదానికి, రెండోది గేరు లేనిదానికి. బండి ఆకారాన్ని బట్టి తరగతిని ఊహించడం చాలామంది చేసే పొరపాటు. స్కూటరు అనగానే గేర్లు ఉండవనుకుంటారు, కానీ మన నాన్నల తరం నడిపిన బజాజ్ చేతక్‌లో ఎడమ చేతి పిడిని తిప్పి గేర్లు మార్చేవారు గనుక అది గేరు బండి. అదే పేరుతో 2020లో వచ్చిన విద్యుత్ చేతక్ మాత్రం గేరు లేని బండి. ఊళ్లలో పాల క్యాన్ల నుంచి ఎరువుల బస్తాల దాకా మోసే టీవీఎస్ ఎక్సెల్ చూడటానికి మోటారు సైకిలుకు తమ్ముడిలా ఉన్నా దానికి గేర్లు లేవు. చేతి క్లచ్ లేకుండా కాలితో గేర్లు మార్చే బండ్లు కూడా గేరు బండ్ల కిందికే వస్తాయి. అనుమానం ఉన్నప్పుడు చూడవలసింది క్లచ్ లివరును కాదు, గేర్లు మార్చే ఏర్పాటు ఉందా లేదా అన్నది.

రెండు తరగతుల్లో ఏది

ప్రభుత్వ రుసుములో ఈ రెండింటికీ తేడా లేదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం లెర్నర్ లైసెన్సుకు ఒక్కో తరగతికి 150 రూపాయలు, దాని పరీక్షకు 50 రూపాయలు, డ్రైవింగ్ పరీక్షకు ఒక్కో తరగతికి 300 రూపాయలు, లైసెన్సు జారీకి 200 రూపాయలు. వీటి మీద ఆయా రాష్ట్రాల సేవా రుసుములు, కార్డు ఛార్జీలు, పోస్టు ఖర్చులు అదనంగా పడతాయి. కాబట్టి డబ్బు కోణంలో చూస్తే గేరు లేని తరగతి తీసుకున్నందువల్ల ఒక్క రూపాయి కూడా మిగలదు.

అసలు తేడా ఆ తరువాత తెలుస్తుంది. గేరు తరగతి లైసెన్సు ఉన్నవారు స్కూటరు నడిపితే ఆచరణలో ఎవరూ అభ్యంతరం చెప్పరు, ఎందుకంటే కష్టమైన బండిని నడపగలనని వారు ఇప్పటికే నిరూపించుకున్నారు. గేరు లేని తరగతి లైసెన్సుతో గేరు బండి నడిపితే మాత్రం ఆ బండికి సంబంధించినంత వరకు లైసెన్సు లేనట్టే లెక్క. జేబులో కార్డు ఉందన్న ధైర్యంతో స్నేహితుడి బైకు తీసుకుని వెళ్లేవారు ఈ సంగతి గమనించరు. తరువాత ఎప్పుడో గేరు తరగతిని జత చేయించుకోవాలంటే, ఆ తరగతికి మళ్లీ లెర్నర్ లైసెన్సు తీసుకుని, మళ్లీ కనీసం 30 రోజులు ఆగి, మళ్లీ ట్రాక్ మీద పరీక్ష ఇచ్చి, జత చేసినందుకు 500 రూపాయలు కట్టాలి. ఈ తిరుగుడుకు పోయే సెలవు రోజులను కూడా లెక్కలో వేసుకుంటే, మొదట్లోనే పెద్ద తరగతి తీసుకోవడమే మేలని తేలిపోతుంది.

అయినా గేరు లేని తరగతే సరైన ఎంపిక అయ్యేవారు ఉన్నారు. పరీక్షకు వచ్చే అభ్యర్థి, తాను దరఖాస్తు చేసిన తరగతికి చెందిన బండిని తానే తెచ్చుకోవాలి. దాని ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం సక్రమంగా ఉండాలి. ఇంట్లో స్కూటరు తప్ప మరో బండి లేనివారు, బైకు అడిగి తెచ్చుకునే వీలు లేనివారు గేరు తరగతికి పెట్టుకుంటే నెలంతా సాధన లేక, పరీక్ష రోజున ముక్కూ మొహం తెలియని బండి మీద కూర్చోవలసి వస్తుంది. ఆర్టీఏ ఆఫీసు బయట గంటకింతని బండి అద్దెకిచ్చేవారు కనిపిస్తారు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో తెలియని బండి మీద ఎనిమిది వేయడం, అంటే ఎనిమిది అంకె ఆకారపు పరీక్ష ట్రాకులో తిప్పడం, ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించినవారిని అడగాలి. ఉద్యోగానికి వెళ్లిరావడానికి, పిల్లలను బడిలో దింపడానికి విద్యుత్ స్కూటరు కొనుక్కున్నవారు, ముందుముందు బైకు కొనే ఆలోచనే లేనివారు, అరవై దగ్గర పడ్డాక తొలిసారి బండి నేర్చుకుంటున్నవారు నిస్సంకోచంగా గేరు లేని తరగతి తీసుకోవచ్చు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఈ రెండింటికీ బయట మూడో తరగతి కూడా ఉంది. శారీరక వైకల్యం ఉన్నవారి కోసం పక్క చక్రాలు బిగించి మార్పు చేసిన బండ్లను చట్టం వేరే తరగతిగా చూస్తుంది. అలాంటి బండి నడపబోయేవారు మామూలు స్కూటరు తరగతి ఎంచుకుంటే లైసెన్సు వారికి అక్కరకు రాదు. బండి ఆర్‌సీలో ఆ మార్పు నమోదై ఉందో లేదో దరఖాస్తుకు ముందే చూసుకోవాలి.

వయసు విషయంలో ఉన్న అపోహ

చట్టంలోని 4వ సెక్షన్ 50 సీసీ మించని ఇంజను ఉన్న మోటారు సైకిలును 16 ఏళ్లు నిండినవారు నడపవచ్చని చెబుతుంది. 18 ఏళ్ల లోపువారికి గేరు లేని బండికి లెర్నర్ లైసెన్సు ఇవ్వాలంటే సంరక్షకుల రాతపూర్వక అంగీకారం ఉండాలని 7వ సెక్షన్ అంటుంది. ఈ రెండు వాక్యాలను కలిపి చదివిన తల్లిదండ్రులు, పదహారేళ్ల పిల్లవాడికి చిన్న బండి అయితే ఇవ్వవచ్చని నమ్ముతారు. చిక్కు ఎక్కడంటే, ఆ 50 సీసీ మోపెడ్ల కాలం దాదాపు వెళ్లిపోయింది. అందరూ చిన్న బండి అనుకునే ఎక్సెల్ 100 ఇంజను 99.7 సీసీ. రోడ్ల మీద కనిపించే మామూలు స్కూటర్లయితే 110 సీసీ చుట్టుపక్కల నుంచే మొదలవుతాయి. పదహారేళ్లకు దొరికే లైసెన్సు కాగితం మీద ఉంది గాని దానితో నడపడానికి తగిన బండి దొరకడం కష్టం. కాబట్టి ఈ ఎంపికను పక్కన పెట్టి 18 నిండేదాకా ఆగమనే నా సలహా.

ఆగకపోతే ఏమవుతుందన్నది 2019 సవరణ తరువాత చాలా బరువైన విషయం అయింది. కొత్తగా చేర్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడుపుతూ నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఆ బండి రిజిస్ట్రేషన్‌ను 12 నెలల పాటు రద్దు చేస్తారు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సుకు అర్హత ఉండదు. పెద్దవారే లైసెన్సు లేకుండా నడిపినా, లైసెన్సు లేని మనిషికి తమ బండి ఇచ్చినా చట్టంలో చెప్పిన జరిమానా 5,000 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ.

లైసెన్సు అక్కర్లేదన్న విద్యుత్ బండి

షోరూములో ఈ మాట చెప్పి అమ్మే విద్యుత్ బండ్లు ఉన్నాయి, ఆ మాట కొన్నింటి విషయంలో నిజమే. మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేసిన తరువాత బరువు 60 కిలోలు మించకుండా ఉన్న ద్విచక్ర వాహనాన్ని నియమాలు మోటారు వాహనంగానే లెక్కించవు. అందువల్ల దానికి రిజిస్ట్రేషను, లైసెన్సు రెండూ అవసరం లేదు. వీధి చివరి దాకా వెళ్లి కూరగాయలు తెచ్చుకునే పెద్దవారికి ఇది లైసెన్సు కన్నా మంచి దారి కావచ్చు.

అయితే ఈ మూడు షరతుల్లో ఏ ఒక్కటి దాటినా ఆ మినహాయింపు మొత్తం పోతుంది. వేగాన్ని అదుపులో ఉంచే వైరు ఒకటి తీసేస్తే బండి నలభై దాకా వెళుతుందని కొన్నచోటే చెవిలో చెప్పేవారు ఉన్నారు. ఆ వైరు తీసిన క్షణం నుంచి అది రిజిస్ట్రేషను లేని, బీమా లేని మోటారు వాహనం, నడుపుతున్నది లైసెన్సు లేని మనిషి. ఫ్లైఓవరు ఎక్కవలసిన దారిలో రోజూ వెళ్లేవారికి 25 కిలోమీటర్ల వేగం ఎలాగూ చాలదు గనుక, నంబరు ప్లేటు ఉన్న విద్యుత్ స్కూటరు కొనుక్కుని గేరు లేని తరగతి లైసెన్సు తీసుకోవడమే వారికి తగిన పని.

కారుతో కలిపి తీసుకోవాలా

తెలుగు రాష్ట్రాల్లో చాలామంది టూవీలరు, ఫోర్‌వీలరు కలిపి ఒకే దరఖాస్తులో పెట్టుకుంటారు. కారు నేర్చుకోవడం కూడా అదే కాలంలో జరుగుతుంటే ఇది సౌకర్యమే, ఆఫీసు చుట్టూ తిరిగే రోజులు తగ్గుతాయి. కాకపోతే కారు ఎప్పుడో కొన్నప్పుడు నేర్చుకుందాంలే అనుకుంటూ ఇప్పుడే ఆ తరగతిని కూడా చేర్చడాన్ని నేను సమర్థించను. లెర్నర్ లైసెన్సు చెల్లుబాటు ఆరు నెలలు మాత్రమే. ఆ లోపల కారు పరీక్షకు సిద్ధం కాలేక బండి పరీక్షను కూడా వాయిదా వేసుకుంటూ పోయి, చివరికి రెండూ పోగొట్టుకుని మొదటికి వచ్చినవారిని చూశాను. బండి ఈ నెలలోనే కావాలి, కారు సంగతి తేలలేదు అన్నవారు బండికే పెట్టుకోవాలి.

సొంతంగానా, స్కూలు ద్వారానా, ఏజెంటు చేతనా

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు, ఏ దారిలో వెళ్లినా తప్పనివి ఏమిటో తెలియాలి. వయసుకు, చిరునామాకు రుజువులు, ఆరోగ్యం గురించిన స్వీయ ప్రకటన, 40 ఏళ్లు దాటినవారికి 1-ఏ ఫారంలో వైద్య ధ్రువపత్రం కావాలి. ట్రాఫిక్ గుర్తులు, రోడ్డు నియమాలు, ప్రమాదం జరిగినప్పుడు చేయవలసిన పనులు, కాపలా లేని రైల్వే గేటు దగ్గర తీసుకోవలసిన జాగ్రత్తల మీద కంప్యూటరు ముందు ఒక చిన్న పరీక్ష ఉంటుంది, అందులో 60 శాతం ప్రశ్నలకు సరైన జవాబులు ఇవ్వాలి. లెర్నర్ లైసెన్సు చేతికి వచ్చిన తరువాత 30 రోజులు నిండకుండా డ్రైవింగ్ పరీక్షకు రానివ్వరు. పరీక్ష తప్పితే మళ్లీ ప్రయత్నించడానికి వారం రోజులు ఆగాలి. ఇవన్నీ అందరికీ ఒకటే. రంగులు సరిగా కనిపించవని భయపడి దరఖాస్తే చేయనివారికి ఒక మాట. 2020 జూన్‌లో జరిగిన సవరణతో స్వల్ప, మధ్యస్థ స్థాయి వర్ణాంధత్వం ఉన్నవారు కూడా లైసెన్సు పొందవచ్చు.

సొంతంగా చేసుకోవడానికి కావలసింది ఓపిక ఒక్కటే. పోర్టల్‌లో దరఖాస్తు నింపి, రుసుము కట్టి, స్లాటు బుక్ చేసుకుని, చెప్పిన రోజున అసలు పత్రాలతో వెళ్లాలి. 2019 సవరణ తరువాత మీరు ఉంటున్న రాష్ట్రంలోని ఏ లైసెన్సు అధికారి దగ్గరైనా దరఖాస్తు చేసుకోవచ్చు గనుక, చదువుకో ఉద్యోగానికో వచ్చిన ఊళ్లోనే పని పూర్తి చేసుకోవచ్చు. ఇక్కడ జాగ్రత్త పడవలసింది నకిలీ వెబ్‌సైట్ల విషయంలో. లైసెన్సు అని వెతకగానే పైన కనిపించే కొన్ని పేజీలు ప్రభుత్వ పోర్టల్ పోలికలోనే ఉండి, దరఖాస్తు నింపించి రెట్టింపు రుసుము లాగేస్తాయి. చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకున్నాకే కార్డు వివరాలు ఇవ్వాలి.

డ్రైవింగ్ స్కూళ్ల సంగతి టూవీలరు దగ్గరికి వచ్చేసరికి కొంచెం వేరు. కారు నేర్పడంలో చేయి తిరిగిన స్కూళ్లు కూడా బండి విషయంలో కాగితాల పని చూసిపెట్టి, పరీక్ష ముందు రోజు ఒక అరగంట ఎనిమిది వేయించి ఊరుకోవడం నేను గమనించాను. కాబట్టి చేరే ముందు అడగవలసింది ఎంత తీసుకుంటారని కాదు, ఎన్ని రోజులు, రోజుకు ఎంతసేపు, ఎవరి బండి మీద, ఏ మైదానంలో నేర్పుతారని. ఈ నాలుగింటికీ సూటిగా జవాబు వస్తే ఆ డబ్బు దండగ కాదు. సైకిలు కూడా తొక్కడం రానివారు, ఇంట్లోవాళ్లు నేర్పబోతే మాటా మాటా పెరిగి పోట్లాటలోకి దిగేవారు, మహిళలు మహిళల దగ్గరే నేర్చుకుంటే సుఖంగా ఉంటుందనుకునేవారు శిక్షకులను పెట్టుకోవడమే మంచిది. బ్యాలెన్సు ఇప్పటికే వచ్చినవారికి ఆ అవసరం అంతగా ఉండదు.

స్కూలు సర్టిఫికెట్ ఉంటే ఆర్టీఏ పరీక్షే ఉండదన్న సందేశం 2024 మే, జూన్ నెలల్లో వాట్సాప్‌లో తెగ తిరిగింది. అందులో సగమే నిజం. 2021 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నియమాల కింద గుర్తింపు పొందిన డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్లలో కోర్సు పూర్తి చేసి, అక్కడి పరీక్ష నెగ్గినవారికే ఆ మినహాయింపు వర్తిస్తుంది. ఈ సెంటర్లకు సొంత ట్రాకు, సిమ్యులేటరు వంటి ఏర్పాట్లు ఉండాలి. వీధి మలుపులో ఉన్న మామూలు స్కూలు ఇచ్చే సర్టిఫికెట్ వేరు, అది మిమ్మల్ని పరీక్ష నుంచి తప్పించదు. దగ్గరలో నిజంగా అలాంటి సెంటరు ఉంటే, అందులో ద్విచక్ర వాహనాల కోర్సు నడుస్తోందో లేదో కనుక్కున్నాకే ఫీజు కట్టండి.

ఇక ఏజెంట్లు. ఫారం నింపడం రానివారికి, రెండు గంటలు పని మానుకుంటే ఆ రోజు కూలి పోయేవారికి మరొకరి సహాయం కావాలంటే నేను తప్పు పట్టను. కానీ ఫోటో, సంతకం, వేలిముద్ర, కంప్యూటరు పరీక్ష, ట్రాక్ మీద పరీక్ష ఏదీ మీ బదులు మరొకరు చేయగలిగేది కాదు. మీరు రానక్కర్లేదు, అంతా మేం చూసుకుంటాం అని ఎవరైనా అంటే వారు అమ్ముతున్నది సహాయం కాదు, మోసం. మోసంతోనో తప్పుడు సమాచారంతోనో సంపాదించిన లైసెన్సును రద్దు చేసే అధికారం 19వ సెక్షన్ అధికారులకు ఇస్తుంది. అప్పుడు నష్టపోయేది కార్డు మీద పేరున్న మనిషి గాని ఏజెంటు కాదు. మామూలు ఫారం పనికి కూడా వారు అడిగే మొత్తం ప్రభుత్వ రుసుముకు ఎన్నో రెట్లు ఉంటుంది. మీసేవ కేంద్రంలోనో, చదువుకున్న చెల్లెలి చేతనో ఆ పని పావుగంటలో అయిపోతుంది.

ఆ 30 రోజులు

తరగతి, దారి రెండూ తేలాక మిగిలేది ఈ నెల రోజులు. పరీక్ష నెగ్గుతారా తప్పుతారా అన్నది ఎక్కువగా ఇక్కడే నిర్ణయమవుతుంది. లెర్నర్ లైసెన్సుతో రోడ్డెక్కేవారి బండికి ముందూ వెనుకా తెల్లని నేల మీద ఎర్రని ఎల్ అక్షరం ఉండాలి. ఆ ఫలకం 18 సెంటీమీటర్ల చదరానికి తగ్గకూడదు, అక్షరం ఎత్తు 10 సెంటీమీటర్లకు తగ్గకూడదని 3వ నియమం కొలతలతో సహా చెబుతుంది. ఆ బండికి సరిపోయే లైసెన్సు ఉన్న మనిషి నేర్పడానికి తోడు ఉండాలి, వెనుక సీటు మీద ఆ నేర్పే మనిషి తప్ప మరెవరూ కూర్చోకూడదు. ఎల్ బోర్డును నామోషీగా భావించి తీసేసేవారు బీమా పాలసీని తెరిచి డ్రైవరు గురించిన నిబంధన చదవాలి. లెర్నర్ లైసెన్సు ఉన్నవారు కూడా బండి నడపవచ్చని, అయితే కేంద్ర మోటారు వాహనాల నియమాలలోని 3వ నియమాన్ని పాటించి ఉండాలని అందులోనే అచ్చు వేసి ఉంటుంది. అంటే రెండు ప్లాస్టిక్ స్టిక్కర్లు అంటించకపోవడం క్లెయిము తిరస్కరించడానికి సాకు కాగలదు.

తరగతి తప్పితే కూడా బీమా దగ్గరే చిక్కు వస్తుంది. గేరు లేని లైసెన్సుతో గేరు బండి నడుపుతూ ఎవరినైనా గుద్దితే, బాధితుడికి ముందు పరిహారం చెల్లించి తరువాత ఆ మొత్తాన్ని బండి యజమాని నుంచి రాబట్టుకోమని కోర్టులు బీమా కంపెనీలను ఆదేశించడం ఉంది. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాలను వివరంగా చర్చించి, లెర్నర్ లైసెన్సు కూడా చట్టం దృష్టిలో లైసెన్సే అని చెప్పింది. సొంత బండికి జరిగిన నష్టం, యజమానికి ఉండే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా మాత్రం సరైన లైసెన్సు లేకపోతే అందకుండా పోవచ్చు. ఫారంలో ఆ ఒక్క గడికి అంత ప్రాధాన్యం ఇవ్వమనడానికి ఇదే కారణం.

పరీక్షలో అందరూ భయపడేది ఎనిమిది అంకె ఆకారంలో గీసిన ట్రాకుకే. స్కూటరు మీద కుడి చేతి యాక్సిలరేటరు సన్నగా ఇస్తూ, వెనుక బ్రేకును వేలితో కొద్దిగా ఒత్తి పట్టుకుంటే బండి నెమ్మదిగా, తూలకుండా తిరుగుతుంది. గేరు బండి మీద మొదటి గేరులోనే ఉండి, క్లచ్‌ను సగం వదిలిన చోట పట్టి ఉంచి, వెనుక బ్రేకు మీద పాదం తేలికగా ఆనించాలి. క్లచ్ పూర్తిగా వదిలితే బండి ముందుకు దూకుతుంది, పూర్తిగా నొక్కితే బలం చచ్చి ఒక పక్కకు ఒరుగుతుంది. నేను మొదటిసారి ఇచ్చిన పరీక్షలో మొదటి సున్నా బాగానే తిప్పి, రెండో మలుపు దగ్గర ముందు చక్రం గీత తొక్కుతోందేమోనని కిందికి చూశాను. అంతే, ఇంజను ఆగిపోయింది, ఎడమ కాలు నేల మీద పడింది. బ్రేకు ఇన్‌స్పెక్టరు ఏమీ అనలేదు, చేత్తో పక్కకు వెళ్లమన్నట్టు సైగ చేసి తరువాతి మనిషిని పిలిచాడు. ఆ వారమంతా మా డాబా వెనుక ఖాళీ స్థలంలో సుద్దతో రెండు సున్నాలు గీసుకుని, చక్రాన్ని చూడకుండా బండి ఎటు వెళ్లాలో అటు మాత్రమే చూస్తూ తిప్పడం అలవాటు చేసుకున్నాను. రెండోసారి కాలు కింద పెట్టవలసిన అవసరం రాలేదు.

రోజుకు ఇరవై నిమిషాల చొప్పున రెండు వారాలు ఇలా తిప్పినవారికి గేరు బండి కష్టం అనిపించదు. అలా తిప్పడానికి బండి గాని స్థలం గాని లేనివారి విషయంలోనే గేరు లేని తరగతి వైపు మొగ్గమని పైన అన్నాను. పరీక్ష రోజున హెల్మెట్ పెట్టుకోవడం, బయలుదేరే ముందు అద్దాలు సరిచేసుకోవడం, మలుపుకు ముందు ఇండికేటరు వేయడం కూడా చూస్తారు. ఎనిమిది మీదే మనసంతా పెట్టినవారు ఇండికేటరు మరిచిపోవడం మామూలు.

కార్డు వచ్చాక

కార్డు అందగానే తరగతి, పుట్టిన తేదీ, పేరులోని అక్షరాలు, చెల్లుబాటు తేదీ చూసుకోవాలి. 30 ఏళ్ల లోపు లైసెన్సు పొందినవారికి 40 ఏళ్లు వచ్చేదాకా, 30 నుంచి 50 లోపువారికి పదేళ్లు, 50 నుంచి 55 లోపువారికి 60 ఏళ్లు నిండేదాకా, 55 దాటినవారికి ఐదేళ్ల చొప్పున లైసెన్సు చెల్లుతుంది. ఇరవైలో తీసుకున్నవారు ఇరవై ఏళ్ల పాటు ఈ తేదీని మరిచిపోవడం ఖాయం గనుక దాన్ని ఫోనులో రాసిపెట్టుకోవడం మంచిది. డిజిలాకరులోనో ఎంపరివాహన్ యాప్‌లోనో చూపించే లైసెన్సు అసలు కార్డుతో సమానంగా చెల్లుతుంది, ఫోనులో తీసి పెట్టుకున్న ఫోటోకు ఆ విలువ లేదు. గడువు ముగియడానికి ఏడాది ముందు నుంచి, ముగిసిన తరువాత ఏడాది లోపల ఎప్పుడైనా పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోవచ్చు. గడువు దాటిన రోజుల్లో బండి నడపడానికి మాత్రం వీల్లేదు. ఆ ఏడాది కూడా దాటిపోతే ఎన్నేళ్ల అనుభవం ఉన్నా మళ్లీ ట్రాక్ మీదికి వెళ్లి ఎనిమిది వేయవలసిందే.